ఏమోకూర

"ఏమో," అంది అద్దం, లోహిత్ గారి చెవిలో.

ఆయన రెండు కళ్ళూ గట్టిగా మూసి తెరిచారు. అద్దాన్ని మళ్ళీ అడగడానికి పద్ధతి అదే.

"ఏమో," అంది మళ్ళీ. చివరి అక్షరం కొంచెం సాగింది. ఆ సాగడంలో ఒక నవ్వు మొదలై, పూర్తికాకుండానే తెగిపోయింది.

చైత్రమాసపు పొద్దు ఇంకా చల్లగానే ఉంది. ఏలూరు కాలువగట్టు పార్కులో జనం బుట్టలు పట్టుకుని, తలలు వంచుకుని, పచ్చిక మీద నెమ్మదిగా తిరుగుతున్నారు. పొలాలన్నీ అంతస్తుల భవనాల్లోకి వెళ్ళిపోయి, కూరలన్నీ ఒకే కొలతలో ఒకే రుచితో రావడం మొదలైన తరువాత, ఎవరూ విత్తకుండా మొలిచే ఆకు మీద ఊళ్ళో అందరికీ మోజు పెరిగింది. ఉగాది వెళ్ళి ఎండలు ముదిరేలోగా ఈ గట్టు మీద గంగపాయల, పొన్నగంటి, గలిజేరు, పులిచింత దొరుకుతాయి. వాటిని పోల్చుకోవడం ఎవరికీ రానక్కరలేదు. కంటికి పెట్టుకున్న ఆనవాలద్దం మొక్క వంక చూడగానే దాని పేరు చెబుతుంది. తినదగినదైతే ఆకు చుట్టూ పచ్చగీత గీస్తుంది, కానిదైతే ఎర్రగీత. పచ్చగీత కనబడితే తెంపుకోవడమే.

లోహిత్ గారి బుట్ట మాత్రం ఖాళీగా ఉంది. ఆయన చాపంత మేర నేలను అంటుకుని పాకిన ఒక మొక్క ముందు గొంతుక్కూర్చున్నారు. గోరంత ఆకులు, వాటి చుట్టూ పచ్చగీత, ఆవగింజలంత నీలిపూలు. రాత్రి మంచుకు పచ్చికంతా తడిగా ఉన్నా, ఆయన మోకాలు ఆనించిన చోటు మాత్రం ఎందుకో పొడిగా ఉంది. ఇలాంటి చిన్న చిన్న ఉపకారాలను ఆయన గమనించకుండా వదలరు. భార్య పోయాక రోజులు గడవడానికి ఆయన కనిపెట్టుకున్న ఉపాయం అది.

మూడోసారి కళ్ళు మూసి తెరవబోతుండగా అద్దం మీద అక్షరాలు నడిచాయి. లోహిత్ గారి స్మృతి పరీక్ష ఈ ఉదయమేననీ, పరీక్షాధికారి పార్కుకే వస్తున్నారనీ వాటి సారాంశం.

ఆయన ఆశ్చర్యపోలేదు. ఇది వస్తుందని పది రోజులుగా ఎదురుచూస్తూనే ఉన్నారు.

ఆనవాలద్దం వచ్చి ఒక తరం గడిచింది. దుకాణాలకు బోర్డులు పోయాయి. వంటింట్లో డబ్బాల మీద చీటీలు పోయాయి. పెళ్ళిళ్ళలో దూరపు చుట్టాల పేరు గుర్తురాక నీళ్ళు నమలడం పోయింది. చూసిన ప్రతిదాని పేరూ చెవిలో పడుతుంటే మరుపు అనేది ఊళ్ళో కనబడకుండా పోయింది. ఉన్న జబ్బు కనబడకపోవడం వైద్యశాఖకు చిక్కయి కూర్చుంది. చివరికి వాళ్ళు ఒక దారి కనిపెట్టారు. ఒక వస్తువు పేరు నాలుగుసార్లు చెప్పాక, ఈ మనిషికి ఇది తెలుసు అనుకుని అద్దం దాని విషయంలో మౌనం వహిస్తుంది. ఆ తరువాత కూడా మళ్ళీ మళ్ళీ కళ్ళు మూసి తెరిచి అదే పేరు అడుగుతున్నవారెవరో అద్దం లెక్క కడుతుంది. దానికి మరుపులెక్క అని పేరు. లెక్క హద్దు దాటితే పరీక్ష. పరీక్షలో మరుపు ఉందని తేలితే తోడుమర.

తోడుమర మంచి యంత్రమే. మోచెయ్యి పట్టుకుని నడిపిస్తుంది, వేళకు మందు వేస్తుంది. కాకపోతే పొయ్యి వెలిగించనివ్వదు. ఇంటి తాళం తన దగ్గరే ఉంచుకుంటుంది. తలుపు తీయమంటే ఎక్కడికని అడుగుతుంది.

లోహిత్ గారి మరుపులెక్క ఈ వసంతంలో హద్దును ఎప్పుడో దాటేసింది. కానీ ఆయనకు మరుపు లేదు. ఆ మొక్క పేరు అడిగితే అద్దం పలికే గొంతు ఆయన భార్య సహస్రది.

అద్దం కొత్తగా వచ్చిన రోజుల్లో, ప్రతి ఊళ్ళోనూ మొక్కల పేర్లు ఆ ఊరి మాటలో, ఆ ఊరివారి గొంతుతో వినిపించాలని ఒక మంచి ఆలోచన చేశారు. గొంతులు పోగుచేసే బండి ఒకటి ఏలూరు వచ్చి ఈ పార్కులో ఆగింది. ఉత్సాహం ఉన్నవాళ్ళు బండి వెంట నడుస్తూ, అది చూపించిన ప్రతి మొక్కకూ పేరు చెప్పాలి. సహస్ర చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని మధ్యాహ్నం దాకా నడిచింది. ఎన్నో పేర్లు చెప్పింది. వాటిలో ఒక్కదానికి కూడా ఆమె గొంతును బండి ఎంచుకోలేదు. ప్రతి పేరుకూ ఆమెకన్నా స్పష్టంగా పలికినవారు దొరికారు. చివరగా కాలువ ఒడ్డున ఈ నీలిపూల మొక్క దగ్గర బండి ఆగింది. ఎవరికీ తెలియలేదు. అందరూ సహస్ర వంక చూశారు. ఆమె, పక్కనే ఉన్న భర్త వైపు తల తిప్పి, "ఏమో," అని నవ్వబోయింది.

ఆ మొక్కకు దొరికిన సమాధానం అదొక్కటే. యంత్రం దాన్ని పేరనుకుని తీసుకుంది.

ఇంట్లో సహస్ర వీడియోలు బోలెడు ఉన్నాయి. పుట్టినరోజులు, తీర్థయాత్రలు, గృహప్రవేశాలు. వాటన్నిటిలోనూ ఆమె తనను ఎవరో తీస్తున్నారని తెలిసిన మనిషిలా, గొంతు సవరించుకుని మాట్లాడుతుంది. పప్పులో ఉప్పు సరిపోయిందా అంటే, తాళంచెవులు ఎక్కడ పెట్టావంటే, ఈ ఇల్లు కొన్నందుకు సుఖపడ్డామంటావా అంటే, ఆవిడ చెప్పే జవాబు ఒక్కటే ఉండేది. ఆ ఇంటిగొంతు ఏ వీడియోలోనూ లేదు. ఈ మొక్కలో ఉంది. మొక్క ఎదురుగా ఉంటేనే అద్దం పలుకుతుంది. మొక్క వసంతంలో కొన్ని వారాలే ఉండి, ఎండ ముదరగానే మాడిపోతుంది. కుండీలో వేసి చూశారు, బతకలేదు.

ఈ మాట పరీక్షాధికారికి చెబితే మరుపు లేదని తేలిపోతుంది. దాంతోపాటు అద్దంలో తప్పు ఉందని కూడా తేలిపోతుంది. తప్పుపేరు దొరికితే రాజధానిలోని పేర్లపీఠం ఊరుకోదు. వారం తిరక్కుండా దాన్ని చెరిపి, కొత్తపేరు పెట్టి, తయారుగొంతుతో నింపుతుంది. దేశమంతా ఒకే నున్నని తయారుగొంతు.

కాబట్టి చెప్పకూడదు. తోడుమర కూడా రోజుకొకసారి పార్కుకు తిప్పి తెస్తుందని విన్నారు. ఆ ఒక్కసారి చాలు. పొయ్యి, తాళం, ఒంటరిగా తిరగడం, ఇవి లేకుండా బతికేవాళ్ళు లేరా అనుకున్నారు. పరీక్షలో ఎలాగైనా తప్పాలని లోహిత్ గారు నిర్ణయించుకున్నారు.

పరీక్షాధికారి వయసు ముప్పై దాటి ఉండదు. పేరు సూరాంబ. ఆ తరం పిల్లలకు ముత్తవ్వల పేర్లు పెట్టుకోవడం వేడుక. లోహిత్, సహస్ర, మోక్షిత లాంటి పేర్లు వింటే ఇప్పుడు ముసలివాళ్ళే గుర్తుకొస్తారు. సూరాంబ బెంచీ మీద దుమ్ము తన కొంగుతోనే తుడిచి, ముందు ఆయన్ని కూర్చోమంది. ఎండ ఆయన ముఖాన పడకుండా తాను అటువైపు కూర్చుంది. ఇదీ ఒక ఉపకారమే అనుకుని, ఇలాంటి పిల్లను మోసం చేయవలసి వచ్చినందుకు ఆయన నొచ్చుకున్నారు.

అద్దం తీసి పక్కన పెట్టమంది. పెట్టారు. ఈ వేళ ఏం వారమని అడిగింది. ఆదివారమని తెలిసి, కాసేపు ఆకాశం వంక చూసి, మంగళవారమన్నారు. ప్రొద్దున్న ఏం తిన్నారంటే తినలేదన్నారు. ఆయన చొక్కా మీద పెసరట్టు ముక్క ఎండి ఉంది. సూరాంబ దాన్ని చూసింది. లేచి రెండడుగులు వేసి, నేల మీద గంగపాయల చూపించి, ఇదేమిటండీ అని అడిగింది.

"గోంగూర," అన్నారు లోహిత్ గారు.

పొన్నగంటి చూపించింది.

"కరివేపాకు."

అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని ఆయన అనుకోలేదు. తరవాతిదానికి ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ ఉండగా, పక్కన గలిజేరు కోసుకుంటున్న ఒక పెద్దావిడ నడుము మీద చెయ్యి వేసుకుని నిటారుగా లేచింది. ఆవిడ మోక్షితమ్మ గారు. లోహిత్ గారి ఎదురింట్లో ఉంటారు. సహస్రను వదినా అని పిలిచిన మనిషి.

"అదేంటి అన్నయ్యగారూ, ఒంట్లో బాగానే ఉందా? పొన్నగంటిని పట్టుకుని కరివేపాకు అంటారేంటి?"

లోహిత్ గారు ఆవిడ వైపు కొత్తగా చూశారు. మొదలుపెట్టాక పూర్తిచేయాలి కదా అనుకుని, "మీరెవరమ్మా?" అన్నారు.

మోక్షితమ్మ గారు బుట్ట కింద పెట్టారు. ఆయన్ని కాదు, సూరాంబను చూసి మాట్లాడారు.

"నేనెవరినా? పోయినేడు వీళ్ళింట్లోంచి పచ్చడి జాడీ ఒకటి తీసుకెళ్ళానండీ. తిరిగివ్వడం పడలేదు. నిన్న సాయంత్రం కూడా మా గుమ్మంలో నిలబడి, మోక్షితమ్మగారూ, మూత మీద నీలం చార ఉంటుంది, అంచు కొంచెం విరిగి ఉంటుంది, అని ఆనవాళ్ళతో సహా అడిగి వెళ్ళారీయన. ఈయనకి గనక మతిమరుపు వస్తే ముందు బాగుపడేదాన్ని నేనేనండీ."

సూరాంబ ముఖం పక్కకు తిప్పుకుని దగ్గింది. దగ్గు చాలాసేపు వచ్చింది. తరువాత ఆయన ఎదురుగా వచ్చి కూర్చుని, మెల్లిగా అడిగింది.

"నా దగ్గర తెలివి ఎక్కువున్నట్టు నటించేవాళ్ళని రోజూ చూస్తానండీ. తక్కువున్నట్టు నటించిన మనిషిని మిమ్మల్నే చూశాను. ఎందుకండీ?"

లోహిత్ గారు తన చేతుల వంక చూసుకున్నారు. మోక్షితమ్మ గారు జాడీ మాట మరిచిపోయి, ఆయన ముఖం చూసి గాభరాపడి దగ్గరకు వచ్చారు. పార్కులో ఎక్కడో ఎవరో పొరపాటున ఎర్రగీత మొక్కను ముట్టుకున్నట్టున్నారు, హెచ్చరిక గంట మోగి ఆగింది.

"ఆ మొక్క దగ్గర మాట్లాడేది మా ఆవిడమ్మా," అన్నారు చివరికి.

తరువాత అంతా చెప్పారు. గొంతులబండి రావడం, సహస్ర తల తిప్పడం, ఇంటిగొంతు, వీడియోగొంతు. చెబుతున్నంతసేపూ ఒక వాక్యాన్ని ఒకసారే చెప్పారు. ఎక్కడా తడబడలేదు. ఆయన జ్ఞాపకశక్తికి అంతకన్నా వేరే పరీక్ష అక్కరలేకపోయింది.

సూరాంబ లేచి వెళ్ళి నీలిపూల ముందు వంగింది. తన అద్దాన్ని అడిగింది. విన్నది. మళ్ళీ అడిగింది. వెనక్కి వచ్చేసరికి ఆమె నడక నెమ్మదించింది.

మోక్షితమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉన్నారు. ఆవిడ ఈ ఊరు వచ్చేసరికే గొంతులబండి వచ్చి వెళ్ళిపోయింది. ఒక్క మాట, అదీ చెవిలో గుసగుసలా పలికే మాట, ఎవరిదో ఎవరికి తెలుస్తుంది?

"వదిన గొంతా అది? అయితే ఇన్నేళ్ళూ నేను పచ్చడి నూరుతున్న ఆకును మొదట చూపించింది వదినేనన్నమాట."

తన ఉద్యోగం సంగతి సూరాంబ దాచకుండా చెప్పింది. లేని జబ్బును ఉందని రాయకూడదు. అద్దంలో తప్పు కంటపడితే చెప్పకుండా ఉండకూడదు. ఈ రెండింటికీ ప్రమాణం చేసే ఉద్యోగంలో చేరింది. ఇప్పుడు ఈ రెండూ కలిసి ఆయన నెత్తి మీదే పడుతున్నాయి.

"మతిమరుపే రాసేయమ్మా," అన్నారు లోహిత్ గారు. "నాకేం కష్టం లేదు. పొయ్యి దగ్గరికి వెళ్ళొద్దంటే వెళ్ళను."

ఆమె తల అడ్డంగా ఊపింది. కోపం లేదు ఆ ఊపులో.

అప్పుడు మోక్షితమ్మ గారు కలగజేసుకున్నారు. ఇందులో తప్పేమిటో తనకు అర్థం కాలేదన్నారు. దాని పేరు ఏమో కాకపోతే మరేమిటని నిలదీశారు. తమ కోడలు కాపురానికి వచ్చిన ఏడాది మొదటిసారి చేసింది ఏమో పప్పేననీ, ఊరంతా ఆ పేరుతోనే పిలుస్తుంటే ఎక్కడో రాజధానిలో కూర్చున్నవాళ్ళు కాదంటే కాకుండా పోతుందా అనీ అడిగారు.

సూరాంబ చటుక్కున ఆవిడ వైపు తిరిగింది. పేర్లపీఠం మొదటి సూత్రం అదే. ఒక ఊరివాళ్ళు ఒకదాన్ని ఏమని పిలుచుకుంటే అదే ఆ ఊళ్ళో దాని పేరు. అది మొదట ఎలా వచ్చిందన్నది ప్రశ్న కాదు. కానీ ఋజువు కావాలి. అద్దం తీసేసిన మనుషులు, అడిగేవారు పేరు అందించకుండా, తమంత తాము ఆ పేరు పలకాలి. పలికింది యథాతథంగా పీఠానికి పంపాలి.

పని తేలికే అనిపించింది. ఆ దారిన వస్తున్న ఒక లావుపాటి పెద్దమనిషిని ఆపి, అద్దం తీయించి, ఈ మొక్క పేరేమిటండీ అని అడిగింది.

"ఏమో," అన్నాడాయన, తన దారిన తాను పోతూ.

ఆయన చెప్పింది పేరా, తెలియదన్న మాటా? పీఠం లెక్కలో ఏమో అన్న జవాబు తెలియదు కిందికే పోతుంది. పేరేనా అని ఎదురడిగితే పేరు అందించినట్టవుతుంది.

ఇంకొకావిడను అడిగింది. "ఏమోనండీ," అందావిడ, అంతమాత్రం తెలియదా అన్నట్టు ఎగాదిగా చూసి. ఆ వెనక వచ్చినతను బుర్ర గోక్కుని, "ఏమో కదండీ," అన్నాడు. మోక్షితమ్మ గారు పచ్చిక మీద చతికిలబడి, కళ్ళ వెంట నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. లోహిత్ గారికి నవ్వు రాలేదు. ప్రతి జవాబుతోనూ సహస్ర ఒక్కొక్క అడుగు దూరం జరుగుతున్నట్టుంది ఆయనకు. ఊరంతా ఒక్క గొంతుతో సాక్ష్యం చెబుతోంది, ఆ సాక్ష్యం చెల్లడం లేదు.

సూరాంబ తల పట్టుకుని కూర్చుంది. కాసేపటికి చెయ్యి తీసి, మోక్షితమ్మ గారిని ఇంకా నవ్వుతున్నారా అన్నట్టు చూసింది. అలా చూస్తూ చూస్తూ, ఇందాక ఆవిడ అన్న ఏమో పప్పు గుర్తొచ్చి లేచి నిలబడింది.

కానుగ చెట్టు నీడలో నలుగురైదుగురు ఆడవాళ్ళు, ఒక ముసలాయన, కోసిన ఆకు బాగుచేసుకుంటున్నారు. అద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. వంగి పనిచేస్తే జారిపోతాయని అందరూ చేసే పనే అది. సూరాంబ గుప్పెడు నీలిపూల ఆకు తుంచి తీసుకువెళ్ళి వాళ్ళ మధ్య కూర్చుంది. పేరు అడగలేదు. తాను వంట కొత్తగా నేర్చుకుంటున్నాననీ, ఈ ఆకుతో ఏం చేస్తే బాగుంటుందనీ అడిగింది.

ఆ తరువాత ఆమె ఇంకొక మాట మాట్లాడవలసిన అవసరం రాలేదు.

"ఏమోని రెండుసార్లకంటే కడక్కూడదమ్మా, పులుపంతా పోద్ది," అందొకావిడ.

"మా అత్తగారు ఏమోలో ఇంగువ వేసేవారు."

"ఏమోకి ఇంగువేంటండీ, ఎక్కడన్నా ఉందా? వెల్లుల్లి తగలాలి గానీ."

ముసలాయన ఇద్దరినీ కాదన్నాడు. ఏమోతో పెసరపప్పు తప్ప ఇంకేదీ పనికిరాదని, మిగతావన్నీ ఆకు దండగని తేల్చాడు. ఏమోకన్నా చింతచిగురే నయమన్న ఒకమ్మాయిని అందరూ కలిసి నోరెత్తనివ్వలేదు.

సూరాంబ తిరిగి వచ్చేటప్పుడు దాదాపు పరిగెత్తింది. బెంచీ దగ్గర ఆగి ఊపిరి పీల్చుకుని, "తెలియదు అనే మాటకి 'ని' తగలదండీ," అంది. "'లో' తగలదు, 'కి' తగలదు. ఇది వాటన్నిటినీ తగిలించుకుని వంటింట్లో తిరుగుతోంది. ఇంక ఇది పేరు కాదని పీఠం కూడా అనడానికి లేదు."

తన అద్దాన్ని సరిచేసుకుని, ఆ మాటలన్నీ జతపరిచి, నివేదిక గట్టిగా చదివింది. మొక్కపేరు సరైనదే. గొంతు మార్చనక్కరలేదు. లోహిత్ గారికి మరుపు లేదు. చివర ఇంకో రెండు మాటలు చేర్చింది. "ఆయన అడగడం లేదు. వింటున్నారు."

లోహిత్ గారు లేవబోయారు. తన పిడికిలిలో పచ్చిక ఉందనీ, దాన్ని ఎప్పటినుంచో వేళ్ళతో సహా పెకలించి పట్టుకుని ఉన్నాననీ అప్పుడే తెలిసింది. మోక్షితమ్మ గారు ఒకవైపు, సూరాంబ ఒకవైపు చెయ్యి ఇచ్చారు. లేచి నిలబడ్డాక గాలి చల్లగా తగిలింది. ఇంటికి వెళ్ళి పొయ్యి వెలిగించుకుని కాఫీ కలుపుకోవచ్చు. తాళంచెవి జేబులోనే ఉంది. రేపు పొద్దున్న మళ్ళీ రావచ్చు. ఎండలు ముదిరేదాకా రావచ్చు. ఆ తరువాత వచ్చే ఏడాది. ఇన్ని ఉపకారాలు ఒక్కసారిగా మీద పడితే దేన్ని ముందు గమనించాలో ఆయనకు తెలియలేదు.

సూరాంబ వెళ్ళిపోతుందనుకున్నారు. వెళ్ళలేదు. గట్టు అంచున, కాలువ మెట్ల పక్కన ఒక కామంచి మొక్క నల్లని పళ్ళతో ఉంది. దాని ముందు నిలబడి ఉంది. లోహిత్ గారు నెమ్మదిగా దగ్గరకు నడిచారు.

పోయిన ఏడాది ఒకాయన మరుపులెక్క ఇలాగే హద్దు దాటిందని ఆమె చెప్పింది. యశ్వంత్ గారని, కాలువలో పడవ నడిపిన మనిషి. రోజూ ఈ మెట్ల మీద కూర్చుని కామంచి పేరే అడిగేవారట. తాను చేసిన పరీక్షలో అన్నిటికీ సరిగ్గానే జవాబు చెప్పారు. ఒక్క దీన్ని మాత్రం ఎందుకన్నిసార్లు అడుగుతున్నారంటే నోరు విప్పలేదు. సిగ్గుపడ్డట్టు తల వంచుకున్నారు. చెప్పలేకపోవడమే జబ్బుకు గుర్తని అద్దం లెక్క తేల్చింది, తోడుమర వచ్చింది. తోడుమర ఆయన్ని ఇక్కడికి తెస్తుంది గానీ, ఈ పేరు మీకు ముందే చెప్పాం కదా అంటూ మెట్ల దగ్గర ఆగనివ్వదట.

"కామంచి ఎవరి గొంతో నేను వినలేదండీ," అంది సూరాంబ. "నాకు తెలిసిన మొక్క కదా. నేనెందుకు అడుగుతాను?"

కళ్ళు గట్టిగా మూసి తెరిచింది. లోహిత్ గారు కూడా తన అద్దం తగిలించుకుని అడిగారు. ఇద్దరి చెవుల్లోనూ ఒకేసారి ఒక చంటిపిల్ల గొంతు పలికింది. నోటి నిండా పళ్ళు పెట్టుకుని, వాటిని మింగకుండానే, బుగ్గలు ఉబ్బించుకుని అన్న మాట. కావంచి.

యశ్వంత్ గారి ఇల్లు కాలువకు అవతలి గట్టునే. మోక్షితమ్మ గారు తనకు పొయ్యి మీద పప్పు ఉందని చెప్పి, ఆ పూట ఎలాగైనా జాడీ వెతుకుతానని మాట ఇచ్చి వెళ్ళిపోయారు. మిగిలిన ఇద్దరూ వంతెన దాటారు. సూరాంబ తొందరగా నడుస్తుంటే లోహిత్ గారు అడుగు కలిపారు.

తోడుమర తలుపు తీసి, ఎవరు, ఎందుకు, ఎంతసేపు అని అడిగింది. సూరాంబ తన అధికారముద్ర చూపించి దాన్ని వంటింట్లోకి పంపేసింది. కిటికీ పక్కన కుర్చీలో ఉన్న యశ్వంత్ గారు ఆమెను గుర్తుపట్టారు. గుర్తుపట్టి, రెండు చేతులూ ఒళ్ళోకి తీసుకుని, మళ్ళీ పరీక్షకు సిద్ధమయ్యారు.

ఆమె ఆయన ఎదురుగా నేల మీదే కూర్చుంది. పోయినసారి అడిగిన ప్రశ్నలేవీ అడగలేదు.

"కామంచి పళ్ళు తింటున్న ఆ పాప ఎవరండీ?" అంది.

ఊళ్ళో ప్రతి మనిషి పేరూ అద్దానికి తెలుసు. అందుకని నిజంగా తెలుసుకోవాలని, ఎవరంటూ ఒక మనిషి మరొక మనిషిని అడిగి ఎన్నేళ్ళయిందో. యశ్వంత్ గారు ఆమెనూ, గుమ్మంలో నిలబడ్డ లోహిత్ గారినీ మార్చి మార్చి చూశారు. ఆయన ముఖం మెల్లగా విచ్చుకుంది.

"మా పెద్దదమ్మా. ఇప్పుడు విశాఖలో ఓడకి కెప్టెను. మాట్లాడిందంటే పాతికమంది నిలబడి వింటారు. నాకు మాత్రం ఇప్పటికీ ఆ కావంచి గొంతే. ఆవేళ ఏం జరిగిందో తెలుసా, గొంతులబండి అబ్బాయి వద్దు వద్దంటున్నా..."

లోహిత్ గారు బయటికి వచ్చి వరండా మెట్టు మీద కూర్చున్నారు. మెట్టు మీదికి వేపచెట్టు నీడ వచ్చి ఉంది. లోపల సూరాంబ నవ్వింది, మళ్ళీ ఏదో అడిగింది. యశ్వంత్ గారు ఇంకా ఆ ఒక్క మధ్యాహ్నం సంగతే చెబుతున్నారు.